మూడో స్తంభం దగ్గర వంపు

3వ తేదీ

భూగర్భ లైన్ల సమాచార కార్యాలయం పెద్దలకు, నీలం గేటు ఇంటి డ్రాయింగ్ మాస్టారు నమస్కరించి రాయునది.

అయ్యా,

"తవ్వే ముందు మాకు ఫోన్ చేయండి" అని మీరు మా వీధి చివర పెద్ద బోర్డు పెట్టించారు. అక్షరాలు ఫరవాలేదు గానీ, "ముందు" అనే మాట మిగతావాటికన్నా చిన్నదిగా రాయించారు. అందువల్ల నేను దాన్ని అంతగా పట్టించుకోలేదు. నిన్న పొద్దున తవ్వాను. గడ్డపారకి ఏదో తీగలాంటిది తగిలింది. సరే, మీకు ఫోన్ చేసి కనుక్కుందామని రిసీవర్ ఎత్తితే లోపల చడీచప్పుడు లేదు. ఆ తీగ ఏమిటో అప్పుడు తెలిసింది. ఫోన్ చేసే దారి లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

విషయమేమంటే, నా భార్యకు మోకాలి ఆపరేషన్ అయింది. ప్రస్తుతం మా అమ్మాయి ఇంట్లో ఉంది. ఈ నెల 28న ఇంటికి వస్తుంది. మా వంటింటి తలుపు నుంచి పెరటి చివర సిమెంటు బల్ల దాకా నలభై అడుగుల ఇటుకల బాట ఉంది. పొద్దున కాఫీ, సాయంత్రం గాలి, నా మీద కోపం, ఈ మూడూ ఆవిడకు ఆ బల్ల మీదే జరగాలి. వచ్చిన రోజే అక్కడికి నడుస్తుంది, ఎవరు వద్దన్నా ఆగదు. పోనీ ఎవరి చెయ్యయినా పట్టుకుంటుందా అంటే అదీ లేదు. నాకు గుర్తున్నంతలో నా చెయ్యి ఒక్కసారే పట్టుకుంది, సినిమాహాల్లో కరెంటు పోయినప్పుడు. అది కూడా కుర్చీ చెయ్యి అనుకుని పట్టుకున్నానని తరువాత చెప్పింది.

ఇనుప కమ్మీ అయితే పట్టుకుంటుంది. ఇనుముతో ఆవిడకు పంతాలు లేవు. అందుకని బాట పొడవునా రెయిలింగ్ పెట్టిస్తున్నాను. పదకొండు స్తంభాలు, ఒక్కొక్కటి రెండడుగుల లోతు. బల్ల పక్క నుంచి మొదలుపెట్టి ఒక గుంట తవ్వాను, దాని ఫలితం పైన మనవి చేసుకున్నాను. మిగిలిన పదింటికీ అనుమతి పత్రం ఇప్పించగలరు.

నేను స్వయంగా గీసిన పెరటి పటం జతపరిచాను. అంగుళానికి నాలుగడుగులు. గ్యాసు పైపు వెనక సందులోంచి వంటింటికి, బాటకు సరిగ్గా నాలుగడుగుల దూరంలో, బాణం వేసినట్టు సూటిగా వస్తుంది. దాని గురించి మీరేమీ కంగారు పడనక్కర్లేదు.

ఇట్లు,
డ్రాయింగ్ మాస్టారు, రిటైర్డ్
(ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు, ఒక్క వంకర గీత లేదు)

తా.క.: పక్కింటి ప్లీడరుగారి ఫోన్ కూడా నిన్నటి నుంచి మూగబోయిందట. కారణం ఆయనకు ఇంకా తెలియదు. దయచేసి మీ కవరు మీద ఎక్కడా "ఫోన్" అనే మాట రాయవద్దు. రెండిళ్ళకూ పోస్ట్‌మన్ ఒకడే, పైగా వాడికి చదివే అలవాటుంది.

*

5వ తేదీ

డ్రాయింగ్ మాస్టారు గారికి, భూగర్భ లైన్ల సమాచార కార్యాలయం గుమస్తా నమస్కారములు.

ఆర్యా,

మీ ఉత్తరం అందింది. ఈ ఆఫీసులో అయ్యలు నలుగురున్నారు గానీ ఉత్తరాలకు జవాబు రాసేది నేనొక్కదాన్నే. ఇకమీదట "అమ్మా" అని మొదలుపెట్టవచ్చు.

మేము అనుమతులు ఇవ్వం. మీ పెరడు మీది, మీ గడ్డపార మీది. మా పనల్లా నేల కింద ఏమున్నాయో పైన చూపించడమే. అంతవరకు ఒక్క గుంట కూడా తవ్వవద్దు. మీకు తెగింది ఫోన్ తీగ కాబట్టి మీరు ఉత్తరం రాయగలిగారు. కరెంటు కేబుల్ అయితే రాయగలిగేవారు కారు.

ఎక్కడెక్కడ తవ్వదలిచారో అక్కడ తెల్లరంగుతో గుర్తు పెట్టి ఉంచండి. 8న మా గుర్తులాయన యంత్రం తీసుకుని వస్తారు. యంత్రాన్ని నేల మీద తిప్పి, కింద ఉన్నవాటి వెంబడి చిన్న జెండాలు గుచ్చుతారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నీలం నీళ్ళు, నారింజ ఫోన్. ఏ జెండాకైనా ఇటు రెండడుగులు, అటు రెండడుగులు గడ్డపార, పలుగు, పార పనికిరావు.

మీ పటం చాలా అందంగా ఉంది. కానీ పైపు ఎక్కడుండాలో పటం చెబుతుంది. పైపు ఎక్కడుందో యంత్రం చెబుతుంది. మాకు రెండోది కావాలి.

భవదీయురాలు,
గుమస్తా, గుర్తుల విభాగం

తా.క.: మీ పటాన్ని మా పెద్దాఫీసరు గారి గదిలో గోడకు తగిలించారు. ఆయన దాన్ని క్యాలెండరు అనుకుని నిన్నటి నుంచి తేదీ కోసం వెతుకుతున్నారు.

తా.క. 2: కవరు మీద ఏమీ రాయలేదు. అయితే ఫోన్ వాళ్ళు బాగు చేయడానికి వచ్చినప్పుడు తెగిన చోటు చూపించి, ఫోన్ పోయిన ప్రతి ఇంటివాళ్ళ చేతా సంతకం పెట్టించుకుంటారు. అది వాళ్ళ పద్ధతి.

*

9వ తేదీ

గుమస్తా అమ్మాయికి, డ్రాయింగ్ మాస్టారు ఆశీర్వదించి రాయునది.

అమ్మా,

ఫోన్ వాళ్ళు వచ్చారు. ప్లీడరుగారు సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు నా వంక ఒక చూపు చూశారు. ఆ చూపు గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. ఫోన్ మాత్రం మోగుతోంది, అయినా ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్లో నేను పటాలు చూపించలేను.

నిన్న మీ గుర్తులాయన వచ్చారు. తెల్లరంగుతో గుర్తు పెట్టమన్నారు కదా అని నేను బాట మీద మొత్తం రెయిలింగ్ బొమ్మే వేసి ఉంచాను. దగ్గరి స్తంభాలు పెద్దవి, దూరంగా ఉన్నవి చిన్నవి, ఎండ పడే దిక్కును బట్టి నీడ కూడా. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "గుంటలెక్కడండీ?" అన్నారు. చూసే కన్ను లేని మనిషికి ఏం చెబుతాం? చివరికి సుద్దముక్క నా చేతికిచ్చి పది చుక్కలు పెట్టించుకున్నారు.

మనిషి మంచివాడే, మాట తక్కువ. కనుబొమలు లేవేమిటి ఆయనకి? అలాంటి ముఖం గీయడం కష్టం. అయినా యంత్రం తిప్పుతుండగా పెన్సిల్‌తో ఒక బొమ్మ వేశాను, కనుబొమలు నేనే చేర్చాను. చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. సంతోషించినట్టే ఉంది.

ఇక అసలు సంగతి. ఆయన గుచ్చిన జెండాలు చూసి వెంటనే స్కేలు తెచ్చుకున్నాను. ఎరుపూ నీలం కాస్త నయం. పసుపు జెండాలు వెనక గోడ నుంచి ముచ్చటగా మొదలై, మూడో స్తంభం దగ్గరికి వచ్చేసరికి భోజనం చేసి లేచిన వాడి పొట్టలాగా బాట వైపు ఉబ్బి, మళ్ళీ అయిదో స్తంభం దగ్గర లోపలికి వెళ్ళాయి. పాపం, ఎండలో పని చేసిన మనిషి, వంగి గుచ్చేటప్పుడు కళ్ళు తిరిగి ఉంటాయని సరిపెట్టుకున్నాను.

ఆయన వెళ్ళాక నూలు పట్టి, నా పటం ప్రకారం అన్నీ పీకి వరసగా గుచ్చాను. ఇప్పుడు చూడండి, పెరడు ఎంత హుందాగా ఉందో! ఎరుపు పక్కన నారింజ కళ్ళకు కొడుతోందని నారింజవి కూడా కాస్త ఎడంగా జరిపాను. ఈ శ్రమకు నాకేమీ అక్కర్లేదు, మీ ఆఫీసు పేరు నిలబడితే చాలు. ఎల్లుండి నుంచి తవ్వకం మొదలుపెడతాను.

శుభం కోరుతూ,
డ్రాయింగ్ మాస్టారు

తా.క.: మిగిలిపోయిన జెండాలు మూడు ఉన్నాయి. అవి దేనివో నాకు అంతుపట్టలేదు. పూలకుండీలో పెట్టాను, బాగున్నాయి.

*

10వ తేదీ, పొద్దున పది గంటలు
(మా జవాను చేతికిచ్చి పంపుతున్నాను. మీ ఫోన్ పొద్దున్నించీ ఎంగేజ్ వస్తోంది.)

మాస్టారు గారికి,

ఈ ఉత్తరం చదువుతున్నప్పుడు మీ చేతిలో గడ్డపార ఉంటే కింద పెట్టండి. పెట్టారా? ఇప్పుడు మిగతాది చదవండి.

జెండాలు పెరటికి అలంకారం కాదండీ. పైపు ఎలా వంగితే అవీ అలా వంగాలి. మీరు జెండాను జరిపితే కింద పైపు జరగదు. ఇప్పుడు మీ పెరట్లో ఉన్న జెండాలు ఒక్కటీ నిజం చెప్పడం లేదు, పూలకుండీలో ఉన్న మూడింటితో సహా. అసలు జెండాలు లేకపోయినా అంత ప్రమాదం లేదు, భయపడి ఆగుతారు. వరసగా నిలబడి అబద్ధం చెప్పే జెండాలుంటే ధైర్యంగా తవ్వుతారు.

13న గుర్తులాయన మళ్ళీ వస్తారు. అంతవరకూ తాపీతో కూడా నేల గీకవద్దు. ఆయన గుచ్చినవాటిని ముట్టుకోవద్దు, తుడవవద్దు, రంగు వేయవద్దు. మెచ్చుకోవడానికి కూడా ఒక గజం దూరంలో నిలబడండి.

ఆదుర్దాతో,
గుమస్తా

తా.క.: ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆయన పెట్టిన గుర్తుల్ని వాన చెరిపింది, ఆవులు తొక్కాయి. మనిషి దిద్దడం ఇదే మొదటిసారి. పొద్దున ఈ సంగతి విన్నప్పటి నుంచి టీ కూడా ముట్టలేదు.

తా.క. 2: ఉత్తరం అందినట్టు జవాను పుస్తకంలో సంతకం చేయండి. సంతకం మాత్రమే. కిందటివారం ఒకాయన అందులో నెమలిని వేశారు. అది మీరు కాదని తెలుసు, అయినా చెబుతున్నాను.

*

15వ తేదీ

గుమస్తా అమ్మాయికి,

చెప్పకేం, నాకు కోపం వచ్చింది.

మీ గుర్తులాయన మొన్న వచ్చారు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా తిప్పారు. నేను ఆయన వెనకే ఒక గజం దూరంలో స్కేలు పట్టుకుని నడిచాను. మళ్ళీ అదే చోట, మూడో స్తంభం దగ్గర, అదే పొట్ట! నేను మర్యాదగా "ఇంకోసారి చూడండి" అన్నాను. చూశారు. అదే. "మీ యంత్రానికి ఒంట్లో బాగాలేదేమో" అన్నాను. "దానికి బాగానే ఉందండీ" అన్నారు. రెండు గంటల్లో ఆయన మాట్లాడిన మాటలు అవే.

అమ్మా, ఆ పైపు సంగతి నాకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ళ క్రితం గ్యాసు పైపు వేసే ముందు రోజు సాయంత్రం నేనే నూలు పట్టి, వెనక గోడ నుంచి వంటింటి దాకా సున్నంతో గీత గీసి ఇచ్చాను. పనివాళ్ళ మేస్త్రీ చూసి, "ఇంత సూటి గీత ఎక్కడా చూళ్ళేదండీ" అన్నాడు. మర్నాడు స్కూల్లో పరీక్షలు, వెళ్ళక తప్పలేదు. సాయంత్రం వచ్చేసరికి పైపు వేసి, మన్ను పూడ్చి, చదును చేసి ఉంచారు. అంత చక్కని గీత కళ్ళ ముందుండగా ఎవడైనా వంకరగా ఎందుకు తవ్వుతాడు? పైపుకేమైనా నడుం నొప్పా?

నేను మీ జెండాలు ముట్టుకోలేదు. వాటి పక్కనే నా పటం ప్రకారం తెల్లజెండాలు సూటిగా గుచ్చాను. ఇప్పుడు పెరట్లో రెండు పార్టీలు ఉన్నాయి. వెల్డింగ్ మేస్త్రీ స్తంభాలు తెచ్చి గేటు దగ్గర పడేసి, "ఎవరి జెండా నమ్మమంటారు?" అని కూర్చున్నాడు.

నిన్న మా ఆవిడ ఉత్తరం రాసింది. అమ్మాయి ఇంట్లో మెట్లు ఎక్కి దిగుతోందట, బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నట్టు కల వచ్చిందట. ఇంకా పదమూడు రోజులే ఉంది. ఆవిడ ఈ బాట మీద జారిపడ్డ రోజున నేను ముందు గదిలో కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకుంటున్నాను. పిలిచిందట, నాకు వినపడలేదు. అందుకే ఈ కమ్మీ. ఇది మీ ఫైల్లో పెట్టాల్సిన సంగతి కాదు, ఊరికే రాశాను.

ఇట్లు,
డ్రాయింగ్ మాస్టారు

తా.క.: నెమలిని వేసింది నేను కాదు. నేనైతే దానికి మెడ అంత పొట్టిగా వేయను. మీ జవాను చూపించాడు.

*

16వ తేదీ

మాస్టారూ,

మీరు కోప్పడినా సరే, ఈసారి ఆఫీసు కాగితం మీద కాకుండా నా సొంత కాగితం మీద రాస్తున్నాను.

మీ పటాన్ని నమ్మొద్దు. మా యంత్రాన్నీ నమ్మొద్దు. మీ కళ్ళతో చూసుకోండి. దానికో పద్ధతి ఉంది. మూడో స్తంభం చోట, మా పసుపు జెండాకు ఒక అడుగు పక్కగా మొదలుపెట్టండి. ముందు రోజు సాయంత్రం నేల తడిపి ఉంచండి. గడ్డపార వద్దు, పలుగు వద్దు. తాపీ, చెయ్యి, ఓపిక చాలు. తాపీని నిలువుగా పొడవకుండా, పక్క నుంచి మట్టిని పొరలు పొరలుగా గీకుతూ జెండా వైపు రండి. పైపు కనబడగానే ఆపండి. తాపీ తగిలి సన్నని గీత పడినా దాచకుండా గ్యాసు వాళ్ళకు చెప్పండి.

ఒకవేళ ఎక్కడైనా గ్యాసు వాసన వస్తే ఏదీ ఆర్పబోకండి, వెలిగించబోకండి, స్విచ్చి వేయబోకండి. మీ ఇంట్లోంచి ఫోన్ కూడా చేయొద్దు. అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి వీధిలోకి నడవండి, ప్లీడరుగారినీ పిలుచుకుని దూరంగా వెళ్ళండి, అక్కడి నుంచి ఫోన్ చేయించండి.

మా గుర్తులాయనకు కనుబొమలు ఎందుకు లేవని అడిగారు. ఆయన పాతికేళ్ళ వయసులో తవ్వకం పనిలో ఉండేవారు. ఒక పెరట్లో ఇంటివాళ్ళు, "ఇక్కడేమీ లేదు, మాకు తెలుసు, మా ఇల్లే కదా" అన్నారట. ఆయన పలుగు వేశారు. కనుబొమలు పోయాయి. ఆయన పక్కనున్న మనిషి ఆస్పత్రి నుంచి ఇంటికి రాలేదు. ఆ తరువాత ఆయన అడిగి మరీ ఈ ఉద్యోగంలో చేరారు. అందుకే మాట తక్కువ, గుర్తులు ఎక్కువ.

మీ ఆవిడ 28న రావాలి. వచ్చేసరికి మీరు ఉండాలి. రెయిలింగ్ ఆ తరువాతి సంగతి.

మీ
గుమస్తా

తా.క.: మీరు వేసిన బొమ్మను ఆయన ఇంటికి తీసుకెళ్ళారు. వాళ్ళావిడ చూసి, "ఎవరండీ ఈయన, అందంగా ఉన్నాడు?" అన్నదట. అది మెచ్చుకోలో కాదో ఆయనకు ఇంకా తేలలేదు.

*

19వ తేదీ

అమ్మా గుమస్తా,

పైపు కనబడింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. నిన్న పొద్దున ముక్కాలిపీట వేసుకుని తాపీతో కూర్చున్నాను. నీ జెండా తప్పని రుజువు చేసి, నీ చేత ఒప్పుకోలు ఉత్తరం రాయించుకుని, దానికి ఫ్రేము కట్టించాలన్నది నా ఉద్దేశం. ఫ్రేము కూడా చూసి పెట్టుకున్నాను. ప్లీడరుగారు సాక్షిగా గోడ మీద నుంచి చూస్తున్నారు.

మూరెడు లోతు కూడా పోలేదు. పసుపు రంగు తొంగిచూసింది. మెల్లగా తుడిచాను. నా బొటనవేలంత నిడివి, అరచేయంత నిడివి, అలా బయటపడుతూ వచ్చింది. మీ గుర్తులాయన జెండాకు సరిగ్గా కింద. నేను మూడో స్తంభానికి పెట్టిన సుద్ద చుక్కకు సరిగ్గా కింద. నా పటం ప్రకారం అక్కడి నుంచి నాలుగడుగుల దాకా ఏమీ లేదు. ఆ ధైర్యంతోనే ఆ చోట గడ్డపారను భుజం ఎత్తు నుంచి వేయాలనుకున్నాను. నేల గట్టిది కదా అని.

తాపీ కింద పెట్టేశానమ్మా. ఆ మధ్యాహ్నం దాకా ఆ గుంట పక్కనే కూర్చున్నాను. ఫోన్ తీగ నన్ను అడ్డుకోకపోతే మూడో రోజుకల్లా నేను మూడో గుంటకు వచ్చేవాణ్ణి. మా ఆవిడ ఇంటికి వచ్చేసరికి బాటా ఉండేది కాదు, పట్టుకోనని ఆవిడ అనడానికి నా చెయ్యీ ఉండేది కాదు. ప్లీడరుగారు గోడ దిగి వచ్చి నాకు మంచినీళ్ళిచ్చారు. ఆయన ఫోన్ తెంపినందుకు అప్పుడు క్షమాపణ అడిగాను. ఆయన, "ఆ ఫోన్ పోయిన నాలుగు రోజులూ ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో మీకు తెలియదు" అన్నారు.

పైపు మీద తాపీ గీత పడిందేమోనని భూతద్దం పెట్టి చూశాను. ఒక్క గీత లేదు. గీత లేనందుకు నేను సంతోషించడం జీవితంలో ఇదే మొదలు.

నా తెల్లజెండాలు పీకేశాను. రెయిలింగ్ బాటకు ఇటు పక్క వద్దనుకున్నాను, అవతలి పక్కకు మార్చాను. ఈసారి ముందే మీ గుర్తులాయనకు ఫోన్ చేశాను, వచ్చి అవతలి పక్క కూడా తిప్పి చూశారు. అక్కడ నీళ్ళ గొట్టం ఒకచోట బాట వైపు వచ్చింది కాబట్టి, ఆ మేరకు నా రెయిలింగ్ కూడా వంగుతుంది. వెల్డింగ్ మేస్త్రీ, "మాస్టారూ, వంకరగా వస్తుంది" అన్నాడు. "రానీ" అన్నాను. అతను నా నుదురు పట్టుకుని జ్వరముందేమో చూశాడు.

ఒక్క సంగతి మాత్రం నిద్రపోనివ్వడం లేదు. గ్యాసు పైపు అక్కడెందుకు వంగింది? కింద బండ లేదు, చెట్టు లేదు, ఏమీ లేదు. నీ పాత కాగితాల్లో ఏమైనా ఉందేమో చూసి పెట్టు.

దీవెనలతో,
మాస్టారు

తా.క.: గుర్తులాయన బొమ్మ మళ్ళీ వేశాను, ఉన్నది ఉన్నట్టుగా. ఇదే బాగుంది. ఆయనకివ్వు.

*

22వ తేదీ

మాస్టారూ,

మీ ఉత్తరం ఆఫీసులో పైకి చదివాను. మా పెద్దాఫీసరు గారు లేచి వెళ్ళి మీ పటం దగ్గర కాసేపు నిలబడ్డారు. తేదీ కోసం కాదు.

పాత రిజిస్టరు తీయించాను. మీ ఇంటి పైపు వేసిన రోజున మేస్త్రీ రాసిన వాక్యం ఉన్నది ఉన్నట్టుగా రాస్తున్నాను: "ఇంటివారి కోరికపై పైపును నాలుగడుగులు పక్కకు తిప్పడమైనది. ఇంటివారు రెండుసార్లు టీ ఇచ్చిరి."

ఎవరు కోరారో, ఎందుకో రాయలేదు. మీ పటంలో మాత్రం ఆ వంపు దిద్దించండి.

మీ
గుమస్తా

తా.క.: రెండో బొమ్మ చూసి గుర్తులాయన నవ్వారు. ఆఫీసులో ఎవరూ అంతకుముందు చూడలేదు, అందుకని అందరం ఒకసారి లేచి వెళ్ళి చూశాం.

*

30వ తేదీ

చిరంజీవి గుమస్తా అమ్మాయికి, మాస్టారి భార్య దీవించి రాయునది.

అమ్మా,

నేను మొన్న ఇంటికి వచ్చాను. మోకాలు బాగుంది. ఆటో దిగి చెప్పులు కూడా విప్పకముందే మావారు నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఎదురొచ్చారు. "ఇంటివారి కోరికట! నేను ఏ రోజు కోరాను? నా పేరు మీద ఎవడో దొంగ మాట రాశాడు. ప్లీడరుగారు కేసు వేద్దామంటున్నారు" అని ఒకటే గోల. వారం రోజులుగా అదే పాటట. నేను మంచినీళ్ళు తాగి, "ముందు బల్ల దాకా నడిపించండి, తరువాత చెబుతాను" అన్నాను.

అమ్మాయీ, ఆ ఇంటివారిని నేనే.

ఆ రోజు ఆయన స్కూలుకు వెళ్ళారు. మేస్త్రీ పలుగు పట్టుకుని ఆ సున్నపు గీత మీద నిలబడి, "అమ్మా, ఈ గులాబీ మొక్క తీసేయాలి, గీతలో ఉంది" అన్నాడు. మా అమ్మాయి పుట్టిన ఏడు నేను నాటిన మొక్క అది. అప్పటికి నడుమెత్తు గుబురు. సూటిగా గీత గీసే హడావుడిలో ఆయనకు మొక్క కనబడలేదు, గీతే కనబడింది. నేను టీ పెట్టి ఇచ్చి, "కాస్త పక్క నుంచి పోనిద్దురూ" అన్నాను. ఒక టీకి ఒప్పుకోలేదు, రెండోది ఇచ్చాను. సాయంత్రం ఆయన వచ్చి, చదును చేసిన నేల చూసి ఎంత మురిసిపోయారని! "చూశావా, నా గీత వెంబడే వేశారు" అన్నారు. ఆ గీత మీద మొక్క అలాగే నిలబడి ఉండటం అప్పుడూ ఆయనకు కనబడలేదు. ఆ ముఖం చూసి చెప్పబుద్ధి కాలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు రేపు అంటూ ఇరవై రెండేళ్ళు అయింది. మొక్క అయిదేళ్ళ క్రితం ఎండిపోయింది. నేను కూడా మరిచిపోయాను.

నీ ఉత్తరాలన్నీ ఆయన వరసగా దాచి ఉంచారు. బల్ల మీద కూర్చుని ఒక్కటొక్కటే చదివాను. వాటిలో మూడో స్తంభం సంగతి దగ్గరికి వచ్చేసరికి నా కాఫీ చల్లారిపోయింది. మొక్క మీద ప్రేమతో నేను వంచిన పైపు, నా మనిషి గడ్డపార కిందికి వచ్చి పడుకుంది. ఇద్దరిలో ఒక్కరం నోరు విప్పి ఒక్క మాట చెప్పుకుని ఉంటే సరిపోయేది. చెప్పుకోలేదు. మాకు తెలియకుండా నువ్వూ, కనుబొమలు లేని ఆ బిడ్డా మా మధ్య నిలబడి చెప్పారు.

ఆయనకు అప్పుడే అంతా చెప్పేశాను. అరుస్తారనుకున్నాను. లోపలికి వెళ్ళి పటం నకలు తెచ్చుకుని, రబ్బరుతో ఆ సూటి గీత చెరిపి, చేత్తో, స్కేలు లేకుండా, ఒక వంపు గీశారు. దాని పక్కన చిన్న గులాబీ వేశారు. "ముందే చెప్పొచ్చుగా" అన్నారు. "మీరు గీత చూసుకుంటున్నారుగా" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కమ్మీ పట్టుకునే నడిచాను, గట్టిగా ఉంది. మూడో స్తంభం దగ్గర మాత్రం ఎందుకో కమ్మీ వదిలేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను. మోకాలు నొప్పి పుట్టి కాదు. ఆయన ఇంకా ఉన్నారని చూసుకోవడానికి. ఆయన మాత్రం, "కుర్చీ చెయ్యి అనుకున్నావా?" అన్నారు.

నీకూ, ఆ గుర్తుల బిడ్డకూ నా ఆశీస్సులు. ఒకసారి ఇద్దరూ వచ్చి ఆ బల్ల మీద కూర్చుని వెళ్ళండి.

ప్రేమతో,
మాస్టారి భార్య

తా.క.: ఇది మీ ఆఫీసు దరఖాస్తుగా తీసుకో. పాత గులాబీ ఉన్న చోటే కొత్త మొక్క నాటాలనుకుంటున్నాను, ఒక జానెడు గుంట. అక్కడ పైపు లేదని నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ లోకంలో లేరు. అయినా గుర్తులాయన్ని పంపించు. వచ్చి చూసిన తరువాతే తవ్వుతాను. తెల్లచుక్క పెట్టి ఉంచాను, ఒక్కటే, నీడ లేకుండా. ఆయన వచ్చే రోజు ముందుగా తెలియజేస్తే మావారిని ఏదో పని మీద బజారుకు పంపిస్తాను. లేకపోతే జెండా దిద్దుతారు.